ముందు మన వీధే

ఆయన్ని ఊళ్ళో చాలామంది చీకటి మావయ్య అనేవాళ్ళు. ఎదురుగా అనేవాళ్ళు కాదు, అలాగని మరీ చాటుగానూ కాదు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. ఊరికి కరెంటు ఇచ్చింది ఆ చెయ్యే, తీసింది కూడా ఆ చెయ్యే. కానీ ఇచ్చినప్పుడు ఇచ్చిన చెయ్యి ఎవరికి గుర్తుంటుంది? దీపం వెలిగితే దీపాన్ని చూస్తాం. ఆరినప్పుడే, ఎవరయ్యా ఆపింది అని అడుగుతాం. అందుకని వెలుగు మావయ్య అన్న పేరు ఆయనకి రాలేదు.

ఆయన నొచ్చుకోలేదు. "పేరు పెట్టారంటే మనల్ని తలుచుకున్నట్టేగా," అనేవాడు.

"అవును. ఊరందరికీ మావయ్య, చీకటి మాత్రం నా ఒక్కదానికి," అనేది భార్య.

ఆ మాటలో ఊరికే ఎత్తిపొడుపు లేదు, నిజం ఉంది. వాడకం మరీ పెరిగినప్పుడో, ఎక్కడో ఏదో యంత్రం మొరాయించినప్పుడో పైనుంచి సబ్‌స్టేషన్‌కి ఫోన్ వచ్చేది, ఇంత లోడు తగ్గించమని. ఏ వీధి ఆపాలో పైవాళ్ళు చెప్పరు. అది ఆపరేటరు ఇష్టం. కొత్తలో ఒకసారి ఎదురింటి మేష్టారు గేటు దగ్గర నిలబడి, "మీ ఇంటికి మాత్రం ఉంటుందిలెండి, మీ చేతిలో పనేగా," అన్నాడు. అన్నవాడు అన్నం తిని పడుకున్నాడు. విన్నవాడికి మాత్రం ఆ మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎప్పుడు ఆపమన్నా ముందు మన వీధే, తరవాతే మిగతావి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ పద్ధతి తప్పలేదు. పిల్ల పరీక్షలకి చదువుతున్నా, అత్తగారు జ్వరంతో పడుకున్నా, ముందు మన వీధే. మేష్టారు ఆ తరవాత వేరే ఊరు వెళ్ళిపోయాడు. తన మాట ఒక ఇంట్లో అంతకాలం కాపురం చేసిందని ఆయనకి తెలియనే తెలియదు.

ఆ రోజుల్లో భార్య బట్టలు కుట్టేది. కాలితో తొక్కే మిషనుకి మోటారు పెట్టించుకుని, బడిపిల్లల యూనిఫారాలు పెద్ద ఎత్తున ఒప్పుకుంది. ఆ ఏడాది కోతలు ఎక్కువ. మోటారు ఆగినప్పుడల్లా మోకాళ్ళు నొప్పెట్టేలా కాలితోనే తొక్కింది. అయినా బట్టలు వేళకి అందలేదు, రెండో ఏడు బడివాళ్ళు వేరే వాళ్ళకిచ్చారు. కొన్నాళ్ళకి మూలన మిషను కనపడకపోతే ఆయన అడిగాడు, "అమ్మేశావా?" అని.

"మోకాళ్ళు నొప్పి," అంది ఆవిడ.

ఆ సంగతి అక్కడితో అయిపోయిందని ఆయన అనుకున్నాడు.

దీపం ఆర్పడమనే పనికి పెద్ద చరిత్రే ఉంటుంది, ఎవరూ రాయలేదు గాని. ఒకప్పుడు వేళ్ళు తడిచేసుకుని వత్తిని నలిపి ఆర్పేవాళ్ళు. ఆర్పినవాడి వేలికి చురుక్కుమనేది, ఆరిన వాసన ముక్కుకి తగిలేది. తరవాత నోటితో ఊదాం. తరవాత గోడమీద స్విచ్చి వచ్చింది, కానీ స్విచ్చి వేసినవాడు కూడా ఆ గదిలోనే, ఆ చీకట్లోనే నిలబడి ఉండేవాడు. ఆ తరవాత స్విచ్చి ఊరి చివరికి పోయింది, అక్కణ్ణుంచి ఎక్కడికో పోయింది. చేతికీ చీకటికీ మధ్య దూరం పెరుగుతూనే వచ్చింది. అంత దూరం నుంచి ఆర్పితే చెయ్యి కాలదు. మంచిదే. కాలకపోవడం వల్ల ఏం తెలియకుండా పోతుందో మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. మన చీకటి మావయ్యా ఆలోచించలేదు, ఆ వానరోజు దాకా.

రిటైరయ్యాక ఆయనకి మళ్ళీ పని ఇచ్చింది బామ్మర్ది. మూతపడిన గోడౌనొకటి అద్దెకి తీసుకుని, పార్టనర్‌తో కలిసి అందులో కాయిన్ మెషిన్లు పెట్టాడు. చెప్పుల డబ్బాలంత పెట్టెలు, ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను. ఇనుప అరల మీద వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న ఇలాంటి పెట్టెలన్నిటితో పోటీపడి రాత్రింబవళ్ళు లెక్కలు చేస్తుంటాయి. గెలిచినవాడికి కంటికి కనపడని, కంప్యూటర్లలో మాత్రమే ఉండే నాణెం. లోపల నిలబడి మాట్లాడాలంటే చెవిలో అరవాలి.

"చేత్తో పట్టుకోలేని దానికోసం ఇంత గోలెందుకురా?" అంది అక్క, చూడ్డానికి వెళ్ళినప్పుడు.

"పెళ్ళి మాత్రం చేత్తో పట్టుకుంటామా అక్కా? గోల లేదా?" అన్నాడు తమ్ముడు.

ఆ పెట్టెలు తినేదల్లా కరెంటే. కరెంటాఫీసుతో ఒక ఒప్పందం ఉంది. ఊళ్ళో వాడకం మరీ పెరిగినప్పుడు ఆఫీసు నుంచి కబురు వస్తుంది. రాగానే మెషిన్లు ఆపేసి, వాడకాన్ని ఒప్పుకున్న గీత కిందికి దించాలి. మళ్ళీ సరేనన్న కబురు వచ్చేదాకా నడపకూడదు. ఒక్కసారి మాట తప్పినా ఒప్పందం పోతుంది. ఆపడానికి అక్కడ ఉండక్కర్లేదు, ఫోన్లోంచే ఆపొచ్చు.

"ఇంట్లో కూర్చునే ఆపొచ్చు బావా. పడుకుని కూడా ఆపొచ్చు."

"అలాంటప్పుడు మనిషెందుకురా? ఫోనే ఆపుకోదూ?"

"ఆపుకుంటుంది. పొరపాటు చేస్తే తిట్టడానికి మనిషి కావాలిగా."

అలా చీకటి మావయ్య మళ్ళీ ఆపడం మొదలుపెట్టాడు. ఫోన్లో వరుసలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పచ్చగా ఉన్నదాన్ని నొక్కితే ఎర్రబడుతుంది. అక్కడెక్కడో వరుస మొత్తం ఆగిపోతుంది. పై నుంచి కిందికి నొక్కుకుంటూ రావడమే. ఒక్క వరుస నడుస్తున్నా గీత దాటదు కాబట్టి, చివరిదాన్ని వదిలేస్తాడు. సంతలోనో, చెరుకురసం బండి దగ్గరో, వాకిట్లో కుర్చీలోనో కూర్చుని బొటనవేలితో పని ముగించేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళకి ఆయన ఏదో ఆట ఆడుకుంటున్నట్టే ఉండేది.

ఇక్కడ ఆవిడ సంగతి చెప్పాలి. చలికాలం మొదట్లో ఒకరోజు తమ్ముడికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి, గోడౌను వెనకవైపుకి వెళ్ళింది. గోడకి కిటికీలంత కంతలున్నాయి. మెషిన్ల వేడి అక్కణ్ణుంచి బయటికి కొడుతోంది. కంత కింద ఒక పిల్లి కాళ్ళు బారజాపుకుని, ప్రపంచంతో తనకేం పనిలేనట్టు పడుకుని ఉంది. ఆవిడ చేతులు కాచుకుంటూ ఆ పిల్లిని చాలాసేపు చూసింది. వారం తిరక్కుండా పిల్లికి అక్కణ్ణుంచి ఉద్వాసన అయింది. దాని చోట్లో చెక్కపెట్టెలు వెలిశాయి, పెట్టెల్లో ఊక, ఊకలో కోడిగుడ్లు.

నవ్వినవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. గాలి మరీ వేడెక్కితే కంతకి అడ్డంగా పెట్టిన పలకని వేలెడు జరిపేది, చల్లబడితే మళ్ళీ వెనక్కి జరిపేది. గాలి పొడిబారకుండా గిన్నెతో నీళ్ళు పెట్టేది. ప్రతి గుడ్డుకీ ఒక పక్క పెన్సిలుతో గుర్తు పెట్టి, రోజూ పూటపూటకీ తిప్పేది. చీకటి మూలకి తీసుకెళ్ళి టార్చిలైటు మీద గుడ్డు నిలబెట్టి, లోపల ఎర్రటి నరాలు పాకడం చూసేది. మొదటి విడతలో సగం కూడా పిల్లలు కాలేదు. రెండో విడత బాగానే అయ్యాయి. మూడో విడతకి, పక్క ఊరి కోళ్ళఫారం అతను తనంతట తనే వచ్చి అన్ని పెట్టెల పిల్లల్నీ తీసుకుంటానన్నాడు. ఇవి బాగా వస్తే ఇక ఎప్పుడూ ఆవిడ దగ్గరే అని. కుట్టుమిషను పోయాక ఒక మనిషి ఆవిణ్ణి వెతుక్కుంటూ పనికోసం రావడం అదే మొదలు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ మెల్లిగా ఎత్తింది.

"ఏమండీ, ఆపేటప్పుడు ఒక వరుస ఎలాగూ వదిలేస్తారటగా."

"ఎవరన్నారు?"

"తమ్ముడు."

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"ఆ వదిలేదేదో వెనక వరుస వదలకూడదూ? దాని గాలే నా పెట్టెలకి. ఎవరికీ నష్టం లేదుగా."

"చూద్దాంలే."

ఆయన చూద్దామన్నవి ఆ ఇంట్లో చాలా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఇంతవరకు ఎవరూ చూడలేదు.

నిజానికి ఆయన అప్పటికే ఒక పని చేసి ఉన్నాడు. గుడ్లు పెట్టిన కొత్తలో పార్టనర్ హాస్యానికి అన్నాడు, "ఆపేది బావగారు, పొదిగేది అక్కగారు. ఇక వెనక వరుసకి ఢోకా లేదు," అని. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఇంటికెళ్ళి ఫోన్ తీసి, అన్నిటికన్నా కిందనున్న వెనక వరుసని అన్నిటికన్నా పైకి, అంటే ముందుగా ఆగే చోటికి, జరిపేశాడు. చెప్పులో పాత రాయి మళ్ళీ కదిలింది మరి.

చలికాలంలో వాడకం తక్కువ. ఆపమన్న కబురొచ్చి చాలాకాలమైంది. మూడో విడత గుడ్లు ఇంక రేపో ఎల్లుండో చిట్లుతాయనగా, చలిలోనే వాన పట్టింది. గాలికి ఎక్కడో పెద్ద లైను తెగింది. ఆ సమయానికి చీకటి మావయ్య కటింగ్ షాపులో, మెడకి గుడ్డ కట్టుకుని, మొహమంతా సబ్బునురగతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కుడి చెంప అయింది. ఫోను మోగింది.

"ఒక్క నిమిషం ఆగు," అన్నాడు షాపతనితో.

"మళ్ళీ ఎవరి కొంపలో దీపం తీస్తున్నారు?"

"కొంప కాదులే. పెట్టెలు."

కళ్ళజోడు లేదు, అక్కర్లేదు కూడా. వేలికి దారి తెలుసు. పై నుంచి కిందికి ఒక్కొక్కటే నొక్కాడు. చివరిదాన్ని వదిలేసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెంప తిప్పాడు. షాపతను కత్తికి కొత్త బ్లేడు ఎక్కిస్తూ వానల గురించి ఏదో చెబుతున్నాడు. అప్పుడు మళ్ళీ మోగింది. ఈసారి భార్య, గోడౌను దగ్గర్నుంచి.

"గాలి ఆగిపోయింది," అంది. "మీరేనా?"

"లైను తెగిందట. ఆపమన్నారు."

"ముందు వరుస నడుస్తూనే ఉందే."

అవతల ఆవిడ అరుస్తుందేమోనని చూశాడు. అరవలేదు.

"ముందు మన వీధే అన్నమాట," అంది. పెట్టేసింది.

తిరిగి నడుపుదామంటే వీల్లేదు. సరేనన్న కబురు వచ్చేదాకా ఎర్రబడ్డ వరుసని నొక్కినా పచ్చబడదు. ఎవరూ తొందరపడి ఒప్పందం పోగొట్టకుండా బామ్మర్ది పెట్టించిన తాళమది. అయినా ఆయన ఒకసారి నొక్కి చూశాడు, ఇంకోసారి నొక్కాడు. తరవాత మెడ గుడ్డ లాగేసి లేచాడు.

"మావయ్యా, సగమే అయింది," అన్నాడు షాపతను.

"మిగతాది ఉండనీ."

ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, చినుకుల్లో గొడుగు లేకుండా పోతున్న మనిషిని చూసి రోడ్డుమీద జనం దారిచ్చారు. ఏదో ఘోరం జరిగిందనే అనుకుని ఉంటారు.

గోడౌను దగ్గరికి వచ్చేసరికి ఆయనకి మొదట వింతగా తోచింది నిశ్శబ్దం. ముందు వరుస ఒక్కటే ఎక్కడో మూలుగుతోంది. మిగతా వరుసల్లో ఫ్యాన్ల రెక్కలు కదలకుండా ఉన్నాయి. ఉద్యోగంలో అన్నేళ్ళూ వీధులు ఆపాడు గాని, ఆగిన వీధి ఎలా ఉంటుందో చూసింది లేదు. ఆ వేళకి తను ఎప్పుడూ సబ్‌స్టేషన్‌లోనే ఉండేవాడు, అక్కడ దీపాలు ఆరవు. తన ఇంట్లో ఎవరు ఏ పని మధ్యలో ఆగిపోయారో, చేతిలో పట్టుకున్నది ఎక్కడ పెట్టారో, ఆ సంగతులన్నీ ఆయన తెల్లారాక తిరిగొచ్చేసరికి సర్దుకుని ఉండేవి.

వెనకవైపు ఆవిడ కంతకి గోనెసంచులు కుక్కుతోంది. తన స్వెటరు తీసి ఒక పెట్టె మీద, శాలువా ఇంకో పెట్టె మీద కప్పింది. తను చలికి ముడుచుకుని ఉంది. మొగుడి మొహం చూసి, ఇంకో గోనెసంచి అందుకుంది.

"బల్బులు వేలాడదీద్దామా? లైట్లకి కరెంటుందిగా," అన్నాడు ఆయన.

"ఇప్పటి బల్బులు వెలుగిస్తాయి గాని వేడినివ్వవు. కరెంటు మనిషి, మీకు నేను చెప్పాలా?"

"మరేం చెయ్యమంటావు?"

ఆవిడ తలెత్తి చూసింది. ఆ మాట ఆయన నోట ఆవిడ అంతకుముందు విన్నట్టు లేదు.

"తమ్ముడి గదిలో టీ పొయ్యి ఉంది. గ్యాసే. నీళ్ళు కాచి, ఖాళీ సీసాలున్నాయి, నింపి పట్రండి. మసలనివ్వకండి. చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు."

ఆయన కాచాడు, నింపాడు, పాత గుడ్డలు చుట్టి తెచ్చాడు. ఆవిడ సీసాలని గుడ్లకి తగలకుండా పెట్టెల అంచుల్లో దోపింది. చల్లారినవి తీసిస్తే ఆయన పట్టుకెళ్ళి మళ్ళీ నింపాడు. మధ్యమధ్య ఆవిడ ఒక గుడ్డు తీసి, కళ్ళు మూసుకుని, రెప్పకి ఆనించుకునేది.

"అదేమిటి?"

"చేతులు మొద్దుబారాయి, వాటికి తెలియడంలేదు. రెప్పకి బాగా తెలుస్తుంది. మీరూ చూడండి. ముందా నురగ తుడుచుకోండి."

ఆయన మోచేత్తో మొహం తుడుచుకుని, గుడ్డు అందుకుని రెప్పకి ఆనించుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. లోపల ఏదో చిన్నగా తన్నింది. ఆయన కదలకుండా అలాగే ఉండిపోయాడు.

"బతికే ఉంది," అన్నాడు, గొంతు తగ్గించి.

"ఇప్పటికి."

మళ్ళీ సీసాలు మార్చారు. చేసేది లేక, పెట్టెలకి చెరోపక్క గోడకి ఆనుకుని కూర్చున్నారు, గాలి తగలకుండా అడ్డంగా.

"ఆ మిషను మోకాళ్ళ నొప్పికి అమ్మలేదు కదూ," అన్నాడు ఆయన.

"ఇన్నాళ్ళకి అడిగారా?"

"తెలియలేదు."

"తెలియకపోవడమేమిటి. ఆగింది మీరు ఆపితేనేగా." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చీకటికి నేనెప్పుడూ ఏడవలేదు. ఊరందరితోపాటు మనమూ. అది సరే. ఊరందరికన్నా ముందు మనం, అదీ సరే అనేదాన్నేమో. ఒక్కసారి నన్ను అడిగుంటే. మీ మంచితనానికి కిరసనాయిలు పోసింది నేను. పేరు మీది."

మేష్టారు గేటు దగ్గర అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. ఆ మాటతో ఈవిడకి ఏం పని అనిపించి ఊరుకున్నాడు.

"ఆ వరుసని నేనే పైకి జరిపాను," అన్నాడు చివరికి. "ఇదివరకు అది అన్నిటికన్నా కింద ఉండేది. ముట్టుకోకుండా వదిలేసి ఉంటే ఇవాళ నడుస్తూనే ఉండేది."

ఆవిడ సీసా ఒకటి తీసి చూసి, "ఇది చల్లారింది, వెళ్ళండి," అంది.

ఆయన వెళ్ళాడు.

వాన వెలిశాక కబురొచ్చింది. ఆయన తడిచేతులు చొక్కాకి తుడుచుకుని ముందు వెనక వరుస నొక్కాడు. ఫ్యాన్లు ముక్కి మూలిగి అందుకున్నాయి. ఆవిడ గోనెసంచులు లాగేసి, పలక జరిపి, చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. గాలి వెచ్చబడేదాకా చెయ్యి తియ్యలేదు.

రెండు రోజులకి మొదటి పెంకు మీద ముక్కుపోటంత చిల్లు పడింది. ఆ తరవాత పెట్టెలన్నీ కిచకిచలాడాయి. అన్నీ కాలేదు. కొన్ని గుడ్లు ఎంత చూసినా చిట్లలేదు. వాటిని ఏరి తట్టలో వేస్తుంటే ఆయన పక్కనే నిలబడి, "ఇవి నా మూలానేనా?" అని అడిగాడు.

"ప్రతి విడతలోనూ కొన్ని పోతాయి."

"ఇన్ని పోతాయా?"

"ఇన్ని పోవు," అంది ఆవిడ. దాచలేదు, ఆయనా దాచమనలేదు.

కోళ్ళఫారం అతను వచ్చి పిల్లల్ని చూసి, తక్కువైనందుకు గొణిగి, అయినా అన్నిటినీ ఎక్కించుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు పెడుతున్నారమ్మా అని అడిగి మరీ వెళ్ళాడు. పార్టనర్ మాత్రం ఊరుకోలేదు.

"బావగారు నురగతో పరిగెత్తారటగా. ఇక వెనక వరుసని ఎవరూ ముట్టుకోలేరు."

"అవును, ముట్టుకోను," అన్నాడు చీకటి మావయ్య. "గుడ్లున్నన్నాళ్ళూ వదిలేది అదే. నీకేమన్నా అభ్యంతరమా?"

పార్టనర్‌కి అభ్యంతరమేం లేదు. ఉందని ఆయన ఇన్నాళ్ళూ తనే అనుకున్నాడు, అంతే.

తరవాతి కబురు వచ్చేసరికి చలి పోయి ఎండలు మొదలయ్యాయి. ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఉన్నారు. పెట్టెలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి, కొత్త గుడ్లు ఇంకా రాలేదు. ఆయన ఫోన్ తీశాడు, కళ్ళజోడు వెతికి పెట్టుకున్నాడు. వేలు పైన ఆగింది.

"ఏమోయ్," అన్నాడు. "ఏ వరుస వదలమంటావు?"

ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. రాయి ఒకటి తీసి అవతలికి విసిరింది.

"ఇప్పుడు పెట్టెలు ఖాళీయేగా. ముందు మనదే ఆపండి," అంది.

ఆయన ఆపాడు.